ఎడమ అరచెయ్యి

మా ఇంట్లో అన్నాల దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడేవాళ్ళు కాదు. కోపాలేమీ లేవు, చేతులతోనే పని జరిగిపోయేది. బొటనవేలు నోటివైపు ఎత్తితే మంచినీళ్ళు. రెండు వేళ్ళు కలిపి ఆడిస్తే పచ్చడి. ఎడమ అరచెయ్యి బోర్లించి గాల్లో రెండుసార్లు కిందికి అదిమితే చాలు, ఇంక వడ్డించొద్దని. ఇవన్నీ షెడ్డు సైగలు. రైలింజన్ల షెడ్డులో గొంతు చించుకున్నా పక్కవాడికి వినపడదు కాబట్టి అక్కడివాళ్ళు చేతులతోనే మాట్లాడుకుంటారు. మా నాన్న పైడిరాజు ముప్పై రెండేళ్ళు అక్కడ చక్రాల లేత్ నడిపాడు. విజయనగరం పక్కనుంచి బిలాస్‌పూర్ వచ్చి, ఆ సైగల్ని క్వార్టర్‌కి కూడా తెచ్చేశాడు. ఎదురు క్వార్టర్ నూకరాజు మావయ్య కూడా షెడ్డులోనే ఫిట్టరు. వాళ్ళిద్దరూ రోడ్డుకి అటొకరు ఇటొకరు నిలబడి, నోరు మెదపకుండా గంటసేపు కబుర్లు చెప్పుకునేవారు. అది చూసి మేం పడీపడీ నవ్వేవాళ్ళం.

అలా నవ్వుకుంటూ అసలు సంగతి చాలా ఏళ్ళు కనిపెట్టలేకపోయాం.

రెండువేల ఎనిమిది ఎండాకాలం అది. ఎం.టెక్. అయిపోయి ఇంట్లో కూర్చున్నాను. ఊళ్ళోనే సర్కండాలో ఒక ప్రైవేటు కాలేజీవాళ్ళు పాఠాలు చెప్పడానికి రమ్మంటున్నారు. వెళ్తే అక్కడే ముసలిదాన్నయిపోతానని నాకు బాగా తెలుసు. అప్పుడే మద్రాసులోని ఒక పెద్ద ఇంజనీరింగ్ సంస్థ నుంచి పిలుపొచ్చింది. పిహెచ్.డి.కి రెండే సీట్లు. ఇంటర్వ్యూకి పిలిచింది నలభై మందిని. పరిశోధన ఏమిటంటే, యంత్రం లోహాన్ని కోస్తూ ఉండగానే, కోసే మొన ఎప్పుడు అరిగిపోతుందో ముందే పసిగట్టే పద్ధతి కనిపెట్టాలి. నాలుగు పేజీల ప్రతిపాదన రాసుకుని, ఏదైనా వర్క్‌షాపు నుంచి ప్రయోగాలకి అనుమతి కాగితం పట్టుకుని రమ్మన్నారు. చదివినన్నాళ్ళూ నెలనెలా ఫెలోషిప్ వాళ్ళే ఇస్తారు.

మా అమ్మ కనకమహాలక్ష్మికి ఆ చివరి ముక్క మింగుడు పడలేదు.

"సదువుకోడానికి ఆళ్ళే జీతమిస్తారా? ఎక్కడేనా ఉన్నాదేటే ఇలాటిది?"

"ఉందమ్మా."

"అంత మంచిదైతే మనదాకా ఎందుకొచ్చింది మరి?"

నాన్న నా మొహంవైపే చూస్తున్నాడు. ఎప్పుడూ అంతే. ఎవరు మాట్లాడినా ముఖంలోకి చూసి వినేవాడు. అది మర్యాద అనుకునేవాళ్ళం.

"మిసను మీద సదువా?" అన్నాడు.

"నీ మిసను మీదే నాన్నా."

ఆయన మొహం వెలిగిపోయింది. అమ్మ బీరకాయ చెక్కుతూ, నాన్న వెనకనుంచి, బజారునుంచి ఏమేం తేవాలో చెప్పడం మొదలుపెట్టింది. ఆయన తిరగలేదు. "సెవిటోడి ముందు సంకం ఊదినట్టే ఈ మనిసితోటి," అని విసుక్కుంది. అమ్మ రోజుకి పదిసార్లు అనే మాటే అది.

ఆదివారం షెడ్డులో జనం పల్చగా ఉంటారని నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. పట్టాల మీద పరిగెత్తి పరిగెత్తి ఇంజను చక్రాలు ఒక పక్కకి అరుగుతాయి. ఆ లేత్ మీద వాటిని తిప్పుతూ, పైపొర సన్నగా చెక్కి, మళ్ళీ గుండ్రంగా చేస్తారు. చెక్కే మొన అరిగిందని గుర్తించకపోతే చక్రం మీద గీతలు పడతాయి, ఒక్కోసారి మొనే విరిగి ఎగురుతుంది. మిగతావాళ్ళు గీత పడ్డాక ఆపుతారు. నాన్న గీత పడకముందే ఆపుతాడు. అందుకే షెడ్డులో అందరూ "పైడిరాజు కాన్ సే దేఖ్‌తా హై" అంటారు, అంటే చెవులతో చూస్తాడని. నా ప్రతిపాదన కూడా ఆ చెవుల మీదే కట్టుకున్నాను. యంత్రం చప్పుడు రికార్డు చేసి, ఆయన విన్నదేదో కంప్యూటరుకి నేర్పాలని నా ఆలోచన.

ఆ రోజు నాలుగుసార్లు మొన మార్చాడు. ఆ చప్పుడంతా నేను రికార్డు చేసుకున్నాను. నాలుగుసార్లూ తీసిన మొనని నా చేతిలో పెట్టాడు. అంచు అప్పుడప్పుడే మొద్దుబారుతోంది. చక్రం మీద చిన్న గీత కూడా లేదు. మొన బిగించే ఇనప దిమ్మ వెనక ఆయన ఎడమ చెయ్యి ఆనించి ఉండటం చూశాను. ఒంటి బరువు ఆన్చుకున్నాడనుకున్నాను.

ఇంటికొచ్చాక హెడ్‌ఫోన్లు ఆయన చెవులకి పెట్టి మంచం మీద కూర్చోబెట్టాను.

"మొన పోతోందనిపించగానే చెయ్యెత్తు నాన్నా. నేను వెనక నిలబడతాను. నా మొహం చూసి చెప్పెయ్యకూడదు."

నవ్వుతూ అన్న మాటే అది. ఆయన నవ్వలేదు.

రికార్డరు నొక్కాను. రెండో నిమిషంలో చెయ్యెత్తాడు. అప్పటికి కోత మొదలే కాలేదు, అది ఎవరో గొలుసు లాగిన చప్పుడు. అయిదో నిమిషంలో మళ్ళీ ఎత్తాడు. అదీ కాదు. అసలు మొన మారిన చోట గమ్మున కూర్చున్నాడు. ఆదివారం కూడా పని చేశాడు కదా, అలిసిపోయాడేమో అనుకున్నాను. ఇంతలో రికార్డింగు అయిపోయింది. నాన్న మాత్రం తల కాస్త వంచి, కళ్ళు మూసుకుని, శ్రద్ధగా వింటూనే ఉన్నాడు.

"నాన్నా," అన్నాను. తరవాత గట్టిగా పిలిచాను. టీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చిన అమ్మ అక్కడే ఆగిపోయింది. నేను మంచం చుట్టూ తిరిగి ఆయన ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆయన కళ్ళు తెరిచి నన్ను చూసి, హెడ్‌ఫోన్లు నెమ్మదిగా తీసి పక్కన పెట్టాడు.

"ఎన్నాళ్ళ నుంచి నాన్నా?"

"ఏడేళ్ళు అయ్యుంటాది. ముందర ఎడంది పోయింది. తరవాత రెండోది."

"మెడికల్ పరీక్షలో పట్టుకోలేదా?"

"మొహం సూసి జవాబు సెప్పీసినాను. రెండుసార్లు గట్టెక్కీసినాను."

"మరి లేత్ మీద ఎలాగ?"

నా చెయ్యి తీసుకుని మంచం పట్టీ మీద ఆన్చాడు. అవతలి చివర గోటితో మెల్లగా గీశాడు. నా అరచేతిలో సన్నటి జలదరింపు పుట్టింది.

"నా సెవులు పోయాయని ఆ మిసనుకి తెల్దే గుంటా. దానికి నా సెయ్యే తెలుసు. సెవి ఆలస్యంగా సెప్తాది. సెయ్యి ముందే సెప్తాది."

నాకు ఏడుపు రావాలి. వచ్చింది కూడా. అయితే దానికంటే ముందు నా ప్రతిపాదన గుర్తొచ్చింది. చప్పుడు కాదు, కంపనం చూడాలి. ఎక్కడ పట్టుకోవాలో ఈయన అరచెయ్యి చెబుతోంది. తండ్రి చెవులు పోయాయని తెలిసిన నిమిషంలో గుండె సంతోషంతో కొట్టుకున్న కూతుర్ని నేను. ఎవరేమనుకున్నా సరే, జరిగింది అదే.

"నూకరాజు ఒక్కడికే తెలుసు," అన్నాడు నాన్న. "ఇంకారేళ్ళు సర్వీసుంది. లేత్ మీంచే దిగిపోవాల నాను. ఇది ఈ గోడలు దాటకూడదు."

"దాటదు నాన్నా."

అమ్మ టీ గ్లాసులు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ శంఖం సామెత ఆమె నోట మళ్ళీ ఎప్పుడూ వినలేదు.

దయాల్‌బంద్‌లో ఒక ఇంటర్నెట్ షాపుండేది. నాలుగు రోజులు అక్కడే కూర్చుని ప్రతిపాదన మొత్తం తిరగరాశాను. రెండో పేజీలో ఒక వాక్యం ఉంది. వినికిడి దాదాపు పూర్తిగా పోయిన, ముప్పై రెండేళ్ళ అనుభవమున్న ఒక ఆపరేటరు కేవలం ఎడమ అరచేతి స్పర్శతో మొన అరుగుదలని గీత పడకముందే గుర్తించడం నేను స్వయంగా చూశాను, అని. పేరు రాయలేదు. మూడుసార్లు ఆ వాక్యం తీసేశాను, మూడుసార్లు మళ్ళీ పెట్టాను. అది లేకపోతే నాదీ మిగతా ముప్పై తొమ్మిది మంది రాసేలాంటిదే.

అనుమతి కాగితం కోసం షెడ్డు సీనియర్ ఇంజనీరు భాస్కరరావుగారికి దరఖాస్తు పెట్టుకోవాలి. రైల్వేలో ఏ కాగితమైనా కిందినుంచి పైకి వరసగా ఒక్కో బల్లా ఎక్కాల్సిందే. దానికి ప్రతిపాదన కాపీ జతచెయ్యమన్నారు. షెడ్డుకిచ్చే కాపీలో ఆ వాక్యం తీసేయొచ్చునన్న ఆలోచన నాకు రాకపోలేదు. వచ్చింది. ప్రింటు బటన్ మీద వేలు పెట్టి మరీ ఆలోచించాను. రెండు కాపీలు రెండు రకాలుగా ఉండి, రేపు మద్రాసువాళ్ళు షెడ్డుకి ఫోను చేస్తే నా మాట అబద్ధమైపోతుందని భయపడ్డాను. అయినా నాలుగు పేజీల ఇంగ్లీషు ఇక్కడెవరు చదువుతారులే అనుకుని నొక్కేశాను.

భాస్కరరావుగారు బెజవాడవైపు మనిషి. కాగితం అందుకుని ఎంత సంబరపడ్డారో చెప్పలేను. "మన షెడ్డు పిల్ల డాక్టరేటు చేస్తుందా! పైడిరాజు అదృష్టవంతుడమ్మా," అని మొదటి పేజీ మాత్రం చూసి సంతకం పెట్టేశారు. మిగతా పేజీలు కాగితంతో పాటు పై ఆఫీసుకి వెళ్ళాయి.

జూన్ రెండో వారంలో నాన్న పాస్ మీద మద్రాసు వెళ్ళాను. ఇంటర్వ్యూలో ముగ్గురు ప్రొఫెసర్లు. పెద్దాయన రెండో పేజీలో ఆ వాక్యం మీదే వేలు పెట్టారు.

"ఇది నిజమేనా?"

"నిజం సార్. నా కళ్ళతో చూశాను."

"చెయ్యి ఎక్కడ పెడతాడతను?"

బోర్డు మీద లేత్ బొమ్మ వేసి, దిమ్మ వెనక సరిగ్గా ఆ చోట చుక్క పెట్టాను. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ తరవాత ఇరవై నిమిషాలు వాళ్ళడిగింది ఆ చుక్క గురించే. సాయంత్రానికి తలుపు మీద రెండు పేర్లు అంటించారు. రెండోది నాది.

తిరిగొచ్చేసరికి బిలాస్‌పూర్‌లో పొద్దున్న పదకొండు. నాన్న డ్యూటీలో ఉండాల్సిన వేళ. ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మం ముందు సైకిలు తుడుస్తున్నాడు. లోపల అలమరలో ఆయన టిఫిన్ క్యారియరు కడిగి బోర్లించి ఉంది.

"అమ్మా, సీటొచ్చింది!"

అమ్మ నా మొహం చూసి, గుమ్మంలోకెళ్ళి నాన్నకి చేతులతో చెప్పింది. ఆయన లేచి గుడ్డ పక్కన పడేసి, తడిచెయ్యి నా నెత్తిన పెట్టాడు. "తెలుసు నాకు," అన్నాడు. ఎప్పటికంటే గట్టిగా అన్నాడు.

"డ్యూటీకి ఎందుకెళ్ళలేదు?"

ఆయన మళ్ళీ సైకిలు దగ్గర కూర్చున్నాడు. అమ్మే చెప్పింది. నేను వెళ్ళిన మర్నాడే మెమో వచ్చిందట. పై ఆఫీసులో ఎవరో నాలుగు పేజీలూ చదివారు. ముప్పై రెండేళ్ళ అనుభవం ఉన్న లేత్ ఆపరేటరు షెడ్డు మొత్తానికి ఒక్కడే. పేరు రాయాల్సిన పనేముంది? రైల్వే ఆసుపత్రిలో చెవి పరీక్ష చేశారు. డాక్టరు వెనక నిలబడి పిలిచి, తరవాత గంట కూడా కొట్టాడట.

"నాకు ఫోను చెయ్యొచ్చు కదమ్మా!"

"వద్దన్నారు. గుంట పరీచ్చ పాడవుతాదని."

నూకరాజు మావయ్య రోడ్డు దాటి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నా కళ్ళలోకి చూడలేదు. "ఏటి రాసినావమ్మా ఆ కాయితంలో?" అని మాత్రం అడిగాడు. నేను నోరు తెరిచేలోపే నాన్న అందుకున్నాడు.

"దానికేటి తెలుసురా. ఇంగ్లీసులో ఏదో రాసుకుని ఉంటాది సదువు గురించి. ఆళ్ళే ఇలాగ అర్దం తీసీసినారు. గుంట మీదకి తోస్తే ఊరుకోను."

చెప్పెయ్యాల్సింది అప్పుడే. తెలిసే రాశానని, తెలిసే నొక్కానని. సంచీలో సీటు కాగితం ఉంది, సందు చివర మిఠాయి కొట్లో కొన్న పేడాల పొట్లం ఉంది.

సాయంత్రం రాజ్‌కిశోర్ నగర్‌లో భాస్కరరావుగారింటికి పరిగెత్తాను. ప్రతిపాదన వెనక్కి తీసుకుంటానన్నాను. అది అబద్ధమని రాసిస్తానన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"రాసిస్తే చెవులు తిరిగొస్తాయా అమ్మా? పరీక్ష అయిపోయిందిగా."

"ఏడేళ్ళలో ఒక్క చక్రం పాడవలేదు సార్."

"చక్రం సంగతి కాదు. రేపు వెనకనుంచి ఎవడో తప్పుకోమని కేక వేస్తే? ఆయనకి వినపడక ఏదైనా జరిగితే మీ అమ్మకి నేనేం చెప్పను? నాకు ఆయన్ని తియ్యడం ఇష్టమనుకున్నావా? ఇలాంటి చెయ్యి నాకు మళ్ళీ దొరకదు."

ఆయన్ని తిట్టుకుందామని దారంతా ప్రయత్నించాను. ఒక్క తప్పూ దొరకలేదు.

జీతం తగ్గించలేదు. జులై మొదటి తారీకు నుంచి టూల్ రూము కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. అడిగినవాళ్ళకి పనిముట్లు అందించి పుస్తకంలో సంతకం తీసుకోవాలి. నాన్న లేత్ గురించి ఇంట్లో ఎత్తేవాడు కాదు. ఒక్కసారి మాత్రం, చెప్పులు విప్పుతూ, "కొత్తోడు మొనలు రెట్టింపు పట్టుకుపోతున్నాడు," అన్నాడు. ఆయన కాళ్ళు కడుక్కుని లోపలికెళ్ళాడు.

ఇంకొకటి జరిగింది. ఆ నెలలో మా ఇంట్లో సైగలు ఆగిపోయాయి. అంతకుముందు అవి షెడ్డు సైగలు. ఇప్పుడవి చెవిటివాడి సైగలయ్యాయి. సందులో పిల్లలు ఆయన్ని చూసి చేతులు తిప్పుతూ వెక్కిరించడం నేనే చూశాను. నాన్న చేతులు ఒళ్ళో పెట్టుకుని, నోటితో, మరీ గట్టిగా మంచినీళ్ళు అడగడం మొదలుపెట్టాడు. అమ్మ కూడా గట్టిగా జవాబిచ్చేది. నూకరాజు మావయ్య తన గుమ్మంలో నిలబడి చెయ్యెత్తితే ఈయన చూడనట్టు లోపలికి వచ్చేసేవాడు. అన్నేళ్ళ నిశ్శబ్దం పోయి మా క్వార్టర్ నిండా అరుపులే మిగిలాయి.

"నేను మద్రాసు వెళ్ళను," అన్నాను ఒకరోజు, ఆయన ఎదురుగా కూర్చుని.

నన్ను కొట్టినంత పని చేశాడు. "నా లేతూ పోయి నీ సదువూ పోతే ఏటి మిగిలినట్టే మనకి? నోరుమూసుకుని బట్టలు సద్దుకో. నానే దింపుతాను."

జులై నెలాఖరుకి చేరాలి. నాన్న సెలవు పెట్టాడు. అమ్మ పులిహోర కట్టింది. స్టేషన్లో ఆమె నన్ను కావిలించుకుని, "ఆరికి ఎదర కూకోని మాట్లాడు. ఎనకనుంచి పిలవకు," అని మాత్రం చెప్పింది.

కిటికీ పక్క సీటు నాన్నది. వాన పడుతోందని అద్దం దించాం. బండి కదిలిన దగ్గరనుంచీ ఆయన నాకు వీపు పెట్టి బయటికే చూస్తూ కూర్చున్నాడు. ఎడమ చెయ్యి కిటికీ చట్రం మీద ఉంది. దుర్గ్ దాటాక ఒకసారి వేళ్ళు బిగిశాయి. ఏదో చక్రం గుండ్రం తప్పి ఉంటుంది. ఎవరికి చెబుతాడు? వేళ్ళు మళ్ళీ వదులయ్యాయి.

డోంగర్‌గఢ్ పోయింది. కొండలు మొదలయ్యాయి. ముందు దరేకసా సొరంగం వస్తుందని రైల్వే పిల్లలందరికీ తెలుసు. చిన్నప్పుడు అందులో గొంతెత్తి అరిచేవాళ్ళం, ఎవరికీ వినపడదని. బండి లోపలికి దూరింది. బయట చీకటయింది, చప్పుడుతో రైలుపెట్టె అంతా నిండిపోయింది. పక్క సీటువాళ్ళు మాట్లాడుకోవడం ఆపేశారు.

నాన్న వీపువైపు చూస్తూ చెప్పేశాను.

"నాన్నా, తెలీక రాయలేదు. తెలిసే రాశాను. షెడ్డు కాపీలో తీసేయొచ్చని నాకు తెలుసు. సీటు కోసం ఉంచేశాను. నీ లేత్ నేనే తీసుకున్నాను."

ఎవరికీ వినపడదన్న ధైర్యంతో అన్నాను. ఆయనకి అసలే వినపడదన్న ధైర్యంతో అన్నాను. చెప్పి తలెత్తాను. పెట్టెలో దీపం వెలుగుతోంది. బయటి చీకటికి కిటికీ అద్దం నిలువుటద్దమైపోయింది. అందులో నా మొహం ఉంది. దాని పక్కన నాన్న కళ్ళు ఉన్నాయి. అవి నా పెదాల మీదే ఉన్నాయి.

కిటికీ చట్రం మీంచి ఎడమ చెయ్యి లేచింది. అరచెయ్యి బోర్లించి, గాల్లో రెండుసార్లు, మెల్లగా కిందికి అదిమాడు. చాలు.

సొరంగం అయిపోయి వెలుతురొచ్చింది. అద్దంలోంచి మేమిద్దరం పోయి, వానలో తడుస్తున్న చెట్లు కనిపించాయి. చెయ్యి మళ్ళీ చట్రం మీదకి వెళ్ళింది. నాగపూర్ దాకా నాన్న నావైపు తిరగలేదు.